పనయిపోతే

"పనయిపోతే చదువుకో. నేనేమన్నా వద్దన్నానా?"

తడి దుప్పటికి ఆ కొస మా అత్తయ్య, ఈ కొస నేను పట్టుకుని పిండుతుంటే ఈ మాట మళ్లీ వినబడింది. ఈసారి అన్నది అత్తయ్య. మొదట్లో మా ఆయన అనేవాడు. ఆయన పోయాక మరిది అందుకున్నాడు. ఇంట్లో మిగిలిన సామానులాగే ఈ మాట కూడా చేతులు మారింది. ఈ పూట నాకు పరీక్ష ఉందని ఇద్దరికీ తెలుసు. తెలిసే మరిది పొద్దున్నే ఇంత పెద్ద మూట తెచ్చి నా కాళ్ల దగ్గర పడేశాడు.

మాది లాండ్రీ. ముందు గదిలో కొట్టు, వెనక గదుల్లో కాపురం. లాడ్జీల నుంచి, ఆసుపత్రుల నుంచి దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్లు వస్తాయి. ఉతికిన మూట గుమ్మం దాటకముందే మాసిన మూట లోపలికి వస్తుంది. పనయిపోవడం అనేదాన్ని ఈ ఇంట్లో ఎవరూ కళ్లారా చూడలేదు. లోకంలో జనం పడుకోవడం మానేస్తే తప్ప నాకు తీరిక దొరకదు.

అక్షరాల మీద ఆశ కూడా నాకు ఈ దుప్పట్ల దగ్గరే పుట్టింది. ప్రతి దుప్పటి మూలా చెరగని సిరాతో లాడ్జీ పేరు ఉంటుంది. నాకది పేరు కాదు, బొమ్మ. కొక్కెంలా ఉంటే ఒక లాడ్జీది, చెవిలా ఉంటే ఇంకో లాడ్జీది. "ఇదేం అక్షరం?" అని ఒకసారి మా ఆయన్ని అడిగాను. "గుర్తు తెలిస్తే చాలదా? చదివి దుప్పటికి వినిపిస్తావా?" అన్నాడు. కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్లో నాకు వచ్చిన చదువు అదొక్కటే, వాళ్లు నవ్వినప్పుడు నవ్వడం.

ఆయన పోయాక వయోజనుల బడికి వెళ్లి నేర్చుకున్నాను. "మొగుడు పోయాడు, ఈవిడ బడికి పోయింది" అన్నారు వీధిలో, ఆయన ఎప్పుడు పోతాడా అని నేను పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టు. అక్షరాల వెంట పుస్తకాలు, పుస్తకాల వెంట పరీక్షలు, చివరికి పెద్ద వయసువాళ్ల కోసం పెట్టిన ప్రోగ్రామింగ్ కోర్సు. పాసైతే ఉద్యోగం చూపిస్తామన్నారు. ఆడవాళ్లకు హాస్టల్లో గది కూడా ఇస్తారట. ఆ గది సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అక్కడొక మంచం ఉంటుందని, దాని మీద దుప్పటి నేనొక్కదాన్నే మాపుతానని ఊహించుకునేదాన్ని.

అన్నీ గట్టెక్కాయి గానీ డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో తప్పాను. మళ్లీ తప్పితే పేరు కొట్టేస్తారు. మరిదికి ఆ సబ్జెక్టు పేరు దొరికిపోయింది. "ఏం వదినా, నీ బిస్కెట్ లెక్కలు ఎందాకా వచ్చాయి?" అని బేరగాళ్ల ముందు అడుగుతాడు.

మా లెక్కల మేడం నాకన్నా చాలా చిన్నది. మొన్న క్లాసయ్యాక నన్ను కూర్చోబెట్టి తప్పిన పేపరు తెరిచింది.

"చూడండమ్మా. 'అయితే' వచ్చిన ప్రతి పట్టికలోనూ మూడో వరుస ఖాళీగా వదిలేశారు. మర్చిపోయారా?"

సత్యపట్టిక అంటారు దాన్ని. 'ఇలా అయితే అలా' అని ఒక మాట ఇస్తారు. ముందు సగం జరగొచ్చు, జరగకపోవచ్చు. వెనక సగం కూడా అంతే. అన్నీ కలిపితే నాలుగు వరుసలు. ఒక్కో వరుసలో ఆ మాట నిలబడిందా, తప్పిందా రాయాలి. కంప్యూటరుకు పని చెప్పాలంటే ముందు ఇది రావాలట. అర్థం కావడానికి నేను పెట్టుకునే ఉదాహరణ ఎప్పుడూ ఒక్కటే, పనయిపోతే చదువుకోవచ్చు అన్నది. ఆ పేపర్లోనూ పట్టిక పక్కన అదే రాసుకున్నాను.

"మర్చిపోలేదు మేడం. మూడోది జరగదు కదా."

"ఏది జరగదు?"

"పని అవకుండా చదువుకోవడం."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "జరగదని వరుస ఎగ్గొట్టకూడదమ్మా. సరే, దాని కింద నాలుగోది. పనీ అవలేదు, చదువూ లేదు. మీరు 'అబద్ధం' అని రాశారు. అదీ తప్పే."

"అబద్ధమే కదా మేడం? మా ఆయన చదువుకోమన్నాడు. చదువుకోనివ్వలేదు."

"పనయితే అని కదా అన్నాడు? పని అవలేదు. ఇంక మాట తప్పడానికి సందేదీ? తప్పనప్పుడు నిజం కిందే లెక్క."

"మరి మూడోది?"

"నాకింకో క్లాసుందమ్మా. మీరే ఆలోచించండి. ఒక్కటే చూసుకోండి, అన్న మాట తప్పిందా లేదా, అంతే."

ఆమె వెళ్లిపోయినా నేను లేవలేకపోయాను. అంటే ఆయన ఒక్కనాడూ నాతో అబద్ధమాడలేదు. ఖాళీ దొరికితే మీ అమ్మను చూసొద్దువు గాని అన్నాడు. ఖాళీ దొరకలేదు, అమ్మ పోయింది, ఆ మాటా నిజమే. జ్వరం ఎక్కువైతే పడుకో అన్నాడు. ఎంతైతే ఎక్కువో ఎవరూ చెప్పలేదు కాబట్టి కాళ్లు వణుకుతున్నా ఇస్త్రీ పెట్టె దించలేదు, అదీ నిజమే. చచ్చిపోయిన మనిషితో మనసులో ఇన్నాళ్లూ పోట్లాడుతున్నాను, మాట తప్పావని. ఆ పోట్లాట కూడా చెల్లదని లెక్కలు తేల్చేశాయి. నా బతుకంతా ఒక్క 'తే' మీద వేలాడింది. ఆ 'తే' ఎప్పటికీ జరగదని వాళ్లకు తెలుసు, అందుకే అంత ధారాళంగా మాట ఇచ్చారు. ఇంటికొచ్చి మాసిన మూటలో మొహం పెట్టి అరిచాను. దుప్పట్లు మందం, బయటికి వినబడదు.

ఇప్పుడు చేతుల్లో తడి దుప్పటి. గోడ గడియారం పరిగెడుతోంది. మూట సగం కూడా తగ్గలేదు.

"గట్టిగా తిప్పవే. నాకేం చదువొచ్చని? నేను బతకలేదూ?" అంది అత్తయ్య. ఆవిడ వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బిపోయాయి. ఆవిడకు కూడా ఎవరో అనే ఉంటారు, పనయిపోతే కూర్చో అని. ఇంకా నిలబడే ఉంది.

ఆ వేళ్లనే చూస్తూ ఉండిపోయాను. పని అవలేదు. అయినా వెళ్లి పరీక్ష రాశాననుకుందాం, అదే మూడో వరుస. అన్న మాట తప్పిందా? ఎక్కడ తప్పింది?

నా కొస వదిలేశాను. దుప్పటి గిర్రున విడిపోయి నేల మీద పడింది.

"ఏమే, వదిలేశావేం?"

"పరీక్షకెళ్తున్నా అత్తయ్యా."

"పనవలేదుగా!"

"అవలేదు. పనయిపోతే చదువుకోమన్నారు. అవకపోతే చదువుకోవద్దని మీలో ఎవరూ అనలేదు."

మరిది కొట్లోంచి వచ్చి గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏంటది, బిస్కెట్ లెక్కా? చూడు వదినా, ఇప్పుడు గడప దాటితే మళ్లీ ఈ తలుపు తీసేది లేదు."

హాస్టల్ గది ఇంకా నాది కాదు. పరీక్ష మళ్లీ తప్పొచ్చు. ఈ తలుపు తప్ప నాకు ఇంకో తలుపు లేదు. అతని చేతి కింద నుంచి వంగి గడప దాటాను.

వాళ్లు చెప్పిన 'తే'ల్లో ఒకదాన్ని నేను జరిపించడం ఇదే మొదలు. సాయంత్రం తలుపు తీస్తే అతని మాట అబద్ధం, తీయకపోతే నిజం. అతనికి మిగిలినవి ఆ రెండు వరుసలే, ఏది కావాలో అతనే తేల్చుకోవాలి. నా మూడో వరుస మాత్రం, నేనింకా పెన్ను పట్టుకోకముందే, నిండిపోయింది.