లేత టేకాకు కొలత

ఇల్లు విడిచి వెళ్ళేవాళ్ళ మొహం ఎల్లక్క చూడదు. కాళ్ళే చూస్తుంది. పడవెక్కి వెళ్ళి తిరిగిరాని తల్లి కాళ్ళు, అడవిలో కలప కొట్టే కూపుకు బండి తోలుకుపోయి శవమై వచ్చిన మొగుడి కాళ్ళు ఆమెకు ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు తమ్ముడు కిష్టన్న వంతు.

కిష్టన్నది పెద్దరోగం, కుష్ఠు. అరికాళ్ళకు స్పర్శ పోయింది. ముల్లు దిగినా, నిప్పు తొక్కినా తెలియదు. చాందాకు అవతల ఇలాంటివాళ్ళను ఉంచుకుని మందిచ్చే ఆశ్రమం ఉందని విన్నారు. బస్సువాడు ఎక్కించుకోనన్నాడు. కలప బండి తోలే ఆశన్న ఒక్కడే, వెనక నడిచొస్తే జిమల్‌గట్ట దాకా తోడుంటానన్నాడు. అక్కడి నుంచి ఆష్టి వైపు ఎవరి బండి దొరికితే వాళ్ళ వెంట. నడి వేసవి, అడవిబాట. కాలికి పుండు పడితే ఆశ్రమం చేరేలోపే కుళ్ళుతుంది. అందుకని జోళ్ళు కావాలి.

సిరోంచ బజారులో బక్కయ్య దుకాణం ముందు ఎల్లక్క పొద్దంతా కూర్చుంది. చెప్పులైతే రాళ్ళు తగులుతాయి. తాళ్ళ బూట్లు కట్టుకోవడానికి తమ్ముడి వేళ్ళు వంగిపోయి ఉన్నాయి. ముందు మూసి, కాలు దూర్చితే ఎక్కేవి కావాలంది. బక్కయ్య బర్రెతోలు చూపిస్తే గట్టిదని తోసేసింది. మేకతోలు తీసుకుని చెంపకు రుద్దుకుని చూసింది.

"ఏందే ఎల్లక్కా, జోళ్ళు కాలికా, చెంపకా?"

"వానికి ఎట్లాగో తెల్వది. నాకన్న తెల్వాలె గద బక్కన్నా. లోపల కుట్టు పైకి రానియ్యకు."

"కుట్టు సంగతి నాకిడువు. గని కొలత నేను తియ్య. కోపం చెయ్యకు. వాని కాలు ముట్టిన్నని తెలిస్తే ఇగ నా దుకాణం ఎవడెక్కుతడు? అడివోళ్ళు పంపినట్టు కాలి కొలతకు ఆకు కోసి పంపు, కుట్టిస్త."

చెరువు మెరకన టేకులు అప్పుడే చిగురుస్తున్నాయి. ముదురాకు గరుకు. ఆ కాలి కింద పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. మెత్తని లేతాకు తెంపుకొచ్చింది. తమ్ముడి పాదం దాని మీద పెట్టించి, కొడవలి మొనతో చుట్టూ కోసింది. ఆ ఆకు బక్కయ్య దుకాణంలో, ఎండకు కాలే రేకుల కింద, వాడికి తీరిక దొరికేదాకా పడి ఉంది.

బయలుదేరే రోజు పొద్దున ఆమె వాకిలి అలికింది. కిష్టన్న ఆ తడి మీద నుంచే నడిచొచ్చి అరుగెక్కి, కొత్త జోళ్ళలో కాళ్ళు దూర్చాడు. నేలకేసి తన్నగా తన్నగా ఎక్కాయి.

"చూసినవా అక్కా? చెయ్యి పెట్టకుంటనే ఎక్కినయి. పెండ్లికొడుకు లెక్క ఉన్ననా?"

"కరుస్తున్నయా తమ్మీ?"

"లేదక్కా. మంచిగున్నయి."

బండి కదిలింది. ఆ జోళ్ళు మలుపు తిరిగేదాకా ఎల్లక్క చూసి, కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగింది. బక్కయ్య జోళ్ళతోపాటు పంపిన ఆకు అరుగు మీద ఉంది. తమ్ముడి పాదం గుర్తుగా దాచుకుందామనుకుంది. తీస్తే గలగలలాడింది. ఎందుకో వంగి, వాకిట్లో ఆరుతున్న అతని అడుగు మీద పెట్టింది. అడుగు ఆకు దాటి ముందుకు వేలెడు మిగిలింది. లేతాకు ఎండి కుంచించుకుపోయింది, జోళ్ళు కుట్టింది ఆ కొలతకే.

కరుస్తున్నాయా అని తానడిగింది ఎవరిని?

కొడవలి పట్టుకుని పరుగెత్తింది. నేల పెనంలా ఉంది. ఉత్త కాళ్ళతో ఉరికే ఆమెను ఊరు నోరు నొక్కుకుని చూసింది. వాగు దగ్గర ఎడ్లు నీళ్ళు తాగుతుంటే బండి ఆగింది.

"ఆశన్నా, నిలువు! ఆగు!"

"ఏమైందక్కా?" కిష్టన్న బెదిరిపోయాడు.

ఆమె అతన్ని రాయి మీద కూర్చోబెట్టి జోడు లాగింది. మడమ తోలు లేచిపోయింది. మేకతోలు లోపల ఎర్రగా తడిసింది. కిష్టన్న ఆ నెత్తురు చూసి, ఇంకెవరిదో అన్నట్టు అక్క మొహం చూశాడు.

"నాకు తెల్వలేదక్కా."

"నీకెట్ల తెలుస్తది బిడ్డా. నేనడుగుడే తప్పు."

కొంగు చించి పుండు కడిగి కట్టింది. రెండు జోళ్ళనూ వెనక వైపు నిలువునా కోసి, మడమ భాగం కిందికి అణగదొక్కింది. ముందు వైపు కూడా కుట్టు పక్కన చీల్చింది.

"అయ్యో, కొత్తయి గదనే!" అన్నాడు ఆశన్న.

"ఊకో ఆశన్నా," అంది ఆమె.

కిష్టన్న కాళ్ళు తనే ఎత్తి జోళ్ళలో పెట్టింది. నోటిదాకా వచ్చిన అదే మాటను మింగేసింది. అడగకుండా, చూపుడువేలు మడమ వెనక, పక్కల్లో, బొటనవేలి ముందు దూర్చి దూర్చి చూసింది. వేలు అన్ని చోట్లా ఆడింది.

"పొద్దుమూకంగనే ఇడిసి చూపియ్యి. నీ అంతట నువ్వు చూసుకోకు, ఇంకొకని కండ్లతోని చూపియ్యి."

"అక్కడెవరు చూస్తరక్కా?"

ఆశన్న ఎడ్లను అదిలించాడు. తెగిన జోళ్ళు టపటపమంటూ బండి వెంట నడిచాయి. ఈసారి కాళ్ళు కనుమరుగయ్యాక కూడా ఆ చప్పుడు కొంతసేపు వినిపించింది.