గడపకు పసుపు

గడపకు పసుపు రాయడం నాకు మా అమ్మ నేర్పలేదు. యూట్యూబ్‌లో ఒకావిడ నేర్పింది. శుక్రవారం పొద్దున్నే గడప కడిగి, పసుపు చిక్కగా కలిపి, ఈ చివర నుంచి ఆ చివరదాకా చారల్లేకుండా రాసి, కుంకుమ బొట్లు పెట్టాలి. ఆరేళ్లుగా ఒక్క వారం తప్పలేదు. నా గోళ్లు ఆదివారం దాకా పచ్చగానే ఉంటాయి. పక్కింటి హులిగమ్మవ్వ అరుగు మీద కూర్చుని వీధిలో ఎవరి గడప ఎట్లా ఉందో చూస్తూ ఉంటుంది. "ఆ పిల్లను సూసి నేర్సుకోండే" అని తన కోడళ్లకు నన్ను చూపిస్తుంది. నేను సిగ్గుపడినట్టు తల దించుకుంటాను. సిగ్గు నిజమే. అది దేనికో అవ్వకు తెలియదు.

ఇది ఆదోని కోటకొండ కింద పాతపేట. నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీ పీజీ సెంటర్ ఇక్కడికి నడిస్తే పది నిమిషాలు. చెక్కిన తలుపులు, టేకు స్తంభాలు, నాపరాళ్లు పరిచిన వాకిళ్లు. నాది చరిత్ర. కొత్త బ్యాచ్ రాగానే పిల్లల్ని ఈ వీధిలో తిప్పి, ఏ ఇల్లు ఏ పత్తి షావుకారు కట్టించాడో చెప్తాను. ఎవరు ఈ వీధిలోకి చెప్పులు చేత పట్టుకుని రావాల్సి వచ్చేదో, ఆ ముక్క మాత్రం మింగేస్తాను. అరుగు మీద అవ్వ వింటూ ఉంటుంది కదా. సెంటర్‌లో ఏ సెమినార్ జరిగినా "టీ సంగతి మీరు చూస్తే నీటుగా ఉంటుంది మేడం" అంటారు మా హెడ్ గారు, నలుగురు మగ లెక్చరర్లు ఖాళీగా కూర్చుని ఉండగానే. కాంట్రాక్టు ఉద్యోగం. చూస్తాను.

కల్యాణ్‌దీ నాదీ నందవరం దగ్గర ఒకే పల్లె, ఊరికి అవతల ఉండే మా వాళ్ల పేట, చర్చి వీధి. పెళ్లయ్యాక అద్దెకని ఆదోనిలో వేరే పేటల్లో నాలుగిళ్లు అడిగాం. కులం అడిగితే నిజమే చెప్పాం. నాలుగూ అప్పటికప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేసినవై పోయాయి. ఐదోది ఇక్కడ, హులిగమ్మవ్వది. ఆమెకు పక్కపక్కనే రెండిళ్లు. "మీరేమోళ్లప్పా?" అని అడిగింది. కల్యాణ్ తడుముకోకుండా "మీవోళ్లమే అవ్వా" అని, ఒక ఇంటిపేరు కూడా చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇల్లు దొరికింది.

ఆ అబద్ధం ఆడటానికి కల్యాణ్‌కు ఒక్క నిమిషం పట్టింది. దాన్ని రోజూ వండి వార్చేది నేను. నుదుట బొట్టు, తల్లో పూలు, శ్రావణమాసం వాయనాలు, మంత్రాలయం పోయొచ్చినప్పుడల్లా వీధంతా పరిమళ ప్రసాదం. ఎండబెట్టిన పెద్దమాంసం తునకలు వండుకుని ఆరేళ్లయింది, వాసన గోడ దాటుతుందని. ఆదివారం ఎమ్మిగనూరులో చర్చికి పోతాను. వీధిలో మాత్రం స్పెషల్ క్లాసని చెప్తాను. బస్సెక్కినాక బొట్టు చెరిపేసుకుంటాను, తిరుగు బస్సులో మళ్లీ పెట్టుకుంటాను. కల్యాణ్ ఎమ్మిగనూరులోనే బైకుల షోరూంలో పని చేస్తాడు. వాడక్కడ ఏం తింటాడో ఎవరికి పట్టింది? మగాడి మొహం మీద ఏ గుర్తూ ఉండదు. ఒకసారి నేను ఏడిస్తే "రెండు బొట్లు పెట్టుకుంటే అరిగిపోతావా?" అన్నాడు. మా అత్త అయితే కొడుకు తెలివికి మురిసిపోతుంది. పాతపేట మలుపు దగ్గర ఆటోలోనే బొట్టు పెట్టుకుని మరీ దిగుతుంది. "ఇట్లాటి ఇల్లు మనోళ్లకు యాడ దొరుకుతాది మ్మే? సర్దుకోవల్ల" అంటుంది.

మా అమ్మ నాగమ్మకు ఇట్లాంటివి చేతకావు. మెడలో నల్లతాడుకు చిన్న సిలువ ఉంటుంది. నాన్న పోయినప్పుడు కూడా అది తియ్యలేదు. కూలికి పోయి నన్ను ఎమ్మే చదివించిన అమ్మ, ఆరేళ్లలో ఒక్కసారి కూడా నా ఇంటికి రాలేదు. ఆదివారాలు చర్చి బయట వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. "నీ ఇల్లు ఎట్లుంటాది పాపా?" అని అడిగేది. ఫోన్‌లో ఫొటోలు చూపించేదాన్ని. ఫొటో మీద వేలు పెట్టి తడిమేది.

అందుకే అవ్వ మేమున్న ఇల్లు అమ్ముతానని, అదీ మనోళ్లకే ఇస్తానని అన్నప్పుడు, కొందామని పట్టుబట్టింది నేనే. కల్యాణ్ ఒక మాట ఇచ్చాడు మరి. "ఇల్లు మనదైతే ఎవునికి భయం? మీ అమ్మను దర్జాగా పిలుచుకో. పెద్ద వాకిట్లోంచే రమ్మను." ఆ ఒక్క మాట కోసం ఆరేళ్ల జీతమంతా పోశాను.

రిజిస్ట్రేషన్‌కు ముందురోజు నా ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని వచ్చాడు. "ఇందులో మీ నాయన పేరుండాదే. అవ్వ కొడుకు కాగితాలన్నీ సదువుతాడు. నా ఒక్కని పేరు మీదనే పెడదాం." మా నాన్న పేరు యేసేపు. ఆయన కూతురినైనందుకు దస్తావేజులో నా పేరు లేకుండా పోయింది. ఊ అన్నాను. అమ్మ వస్తుంది కదా అనుకున్నాను.

గృహప్రవేశం అనుకున్నాక అయ్యవారికి ఏ గోత్రం చెప్పాలా అని కల్యాణ్ రెండు రోజులు ఫోన్‌లో వెతికాడు. నేను అమ్మకు ఫోన్ చేశానని చెప్తే వాడి మొహం మాడిపోయింది. "అయ్యవారు, అవ్వ వాళ్లు అంతా ఉంటారు. ఒక నెల పోనియ్యకూడదా?" అన్నాడు. "పిలిచేశాను" అన్నాను. ఆరేళ్లలో నేను ఎదురు చెప్పింది అదొక్కటే.

అమ్మ పొద్దున బస్సుకే వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, చంకలో కొత్త స్టీలు బిందె. కొంగు మెడచుట్టూ గట్టిగా చుట్టుకుంది. సిలువ కనపడకుండా. అట్లా కప్పుకోమని నేను చెప్పలేదు దేవుడా, నేను చెప్పలేదు! పెద్ద వాకిట్లోంచే వచ్చి, నన్ను చూసి నవ్వి, గడప దాటడానికి కాలెత్తింది. లోపల పీట మీద కూర్చున్న అవ్వ "ఎవురమ్మే ఆమె?" అంది.

నన్నెవరూ బలవంతపెట్టలేదు, కనుసైగ కూడా చెయ్యలేదు. నా నోటి నుంచే వచ్చింది. "మా ఊరామె అవ్వా. పనికి సాయంగా పిలిపించినా."

అమ్మ ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది.

"అట్లయితే ఎనక సందులోంచి రామ్మా, గిన్నెలన్నీ ఆడనే ఉండాయి" అంది అవ్వ. "సరే తల్లీ" అని అమ్మ బిందె అరుగు కింద పెట్టి, ఇల్లు చుట్టూ తిరిగి వెనక్కి పోయింది.

నేను పీటల మీద కూర్చున్నాను. అయ్యవారు చెప్పినట్టల్లా అక్షింతలు వేశాను. వెనక గిన్నెల చప్పుడు వినపడుతూనే ఉంది. పూజ అయ్యాక పళ్లెంలో అన్నం పెట్టుకుని పోతే, బూడిద చేతులతో తల పైకెత్తి "పో పాపా, సూస్తారు" అంది. మళ్లీ గిన్నె అందుకుని, "గడపకు పసుపు బలే సక్కంగా పూసినావే. ఎవురు నేర్పినారు?" అని అడిగింది. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది.

పోయేటప్పుడు అవ్వ ఒక పాత చీర, మిగిలిన చిత్రాన్నం ఇచ్చింది. అమ్మ రెండు చేతులతో తీసుకుని, అవ్వకు దండం పెట్టి, నాకు కూడా పెట్టింది. వచ్చినవాళ్లంతా వెళ్లాక కల్యాణ్ నా భుజం తట్టి, "బలే కాపాడినావే, నాకయితే ఏమీ తోయనే లేదు" అన్నాడు. వాడు నన్ను మెచ్చుకోవడం చాలా రోజుల తర్వాత అదే.

అమ్మ ఆ రోజు నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఆదివారం చర్చికీ రాలేదు. వేపచెట్టు కింద బస్సు టైం దాకా ఒక్కదాన్నే కూర్చున్నాను. పల్లెకు పోదామంటే ఏ మొహం పెట్టుకుని పోవాలి?

ఇవాళ శుక్రవారం. గడప కడిగాను. పసుపు కలిపాను. గిన్నె పట్టుకుని అక్కడే కూర్చున్నాను. అరుగు కింద బిందె అమ్మ పెట్టినచోటే ఉంది. లోపల కల్యాణ్ షోరూంకు తయారవుతున్నాడు. అవ్వ తన అరుగు మీద నుంచి తొంగి చూసి, "ఏమ్మే, ఇంగా పసుపు రాయలే? మరిసిపోతివా?" అని కేకేసింది.

గిన్నె కింద పెట్టి లేచి నిలబడ్డాను. వీధిలో అప్పటికే నలుగురు ఉన్నారు.

"మరిచిపోలేదవ్వా. మొన్న వెనక గిన్నెలు తోమినామె మా అమ్మ. పేరు నాగమ్మ. మా నాయన పేరు యేసేపు."