బరువైన సంచి

ఆ పొద్దున ఆకాశం కురవాలో మానాలో తేల్చుకోలేకుండా ఉంది. తూర్పున మబ్బు చేపపొలుసుల్లా పరుచుకుంది. దాని వెనకాల సూర్యుడు ఉన్నాడో లేడో తెలియడం లేదు. కోసిన వరి పనలు ఇంకా చేలల్లోనే ఉన్నాయి. పాలకొల్లు నుంచి కాలువగట్టు మీద మోటార్‌సైకిల్ నడుపుకుంటూ వస్తున్న ఫొటోగ్రాఫర్ సుధాకర్‌కి, పనల మీద కప్పడానికి బరకాలు పట్టుకుని చేలకి పరిగెడుతున్న రైతులు దారిపొడుగునా కనపడ్డారు. అతను ఒకసారి బండి ఆపి, ట్యాంకు మీద పెట్టుకున్న సంచి జిప్పు సరిగా పడిందో లేదో చూసుకున్నాడు. వాన వచ్చినా భయం లేదు. లోపల రెయిన్‌కోటు గుడ్డ వేసి కుట్టింది అతని భార్య శ్రీదుర్గ.

ఆ సంచి గురించి మొగుడూ పెళ్ళాం నెల్లాళ్ళు మాట్లాడుకున్నారు.

అంతకుముందు అతనికి నల్లటి కెమెరా బ్యాగు ఉండేది. దాని మీద కంపెనీ పేరు పసుపుపచ్చ అక్షరాలతో బెత్తెడు మేర మెరుస్తూ ఉండేది. అది వీపున వేసుకుని వెళితే పెళ్ళివారు లేచి కుర్చీ వేసేవారు. ఎండాకాలంలో నరసాపురం రేవు దగ్గర, గోదావరి దాటించే పంటు మీదకి బండి ఎక్కించాలని బ్యాగు గట్టున పెట్టాడు. బండి ఎక్కించి వెనక్కి తిరిగేసరికి గట్టు ఉంది, బ్యాగు లేదు. అందులో కెమెరాతోపాటు ఒక పెళ్ళి మొత్తం పోయింది. పెళ్ళికూతురి తండ్రి తిట్టలేదు. "మళ్ళీ చేసుకోలేం కదా బాబూ," అని ఊరుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మాట సుధాకర్‌కి ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది.

రాజమండ్రి వెళ్ళి కొట్లన్నీ తిరిగాడు. ఒక బ్యాగు వీపువైపు తెరుచుకుంటుంది. భుజాన ఉన్నంతసేపూ ఎవడి చెయ్యీ దూరదు గానీ, లెన్సు మార్చాలంటే ప్రతిసారీ దింపి బోర్లా పడుకోబెట్టాలి. ఇంకోటి నెంబరు తాళం ఉన్న గట్టి పెట్టె. దాన్ని చేలగట్ల మీద మొయ్యలేడు. మరోటి చంకన వేలాడుతుంది, చేతికి ఇట్టే అందుతుంది, వానకి మాత్రం ఆగదు. ఏదీ కొనకుండా తిరిగొచ్చాడు.

"తాళం వేసిన పెట్టెనే కదండీ దొంగ ముందు ఎత్తుకెళ్ళేది," అంది శ్రీదుర్గ మిషను తొక్కుతూ. "లోపల కెమెరా ఉందని మనమే దండోరా వేసుకుని, మళ్ళీ దానికి కాపలానా?"

"అయితే గోనెసంచిలో వేసుకెళ్ళమంటావేంటి?"

"ఆయ్. దగ్గర దగ్గర అదే."

అటక మీంచి ఒక సంచి దింపింది. ఆవిడ చెల్లెలి సీమంతానికి సారె పంచిన సంచి. మందంగా జనపనారతో, పైన జిప్పుతో, ముందువైపు ఎర్రరంగు కలశం బొమ్మతో పాలకొల్లు బజార్లో వేలకి వేలు అమ్ముడుపోయే రకం. కోడలి పుట్టింటివారు తెచ్చిన కాజాలూ అరిసెలూ లడ్డూలూ ఊళ్ళో ఇంటింటికీ పంచేది వీటిలోనే. పాత పరుపులోంచి స్పాంజి కోసి, లోపల అరలు కుట్టింది. రెండు కెమెరాలు, మూడు లెన్సులు కదలకుండా కూర్చున్నాయి. జిప్పు తీస్తే ఏది కావాలంటే అది చేతికొచ్చేది.

నాలుగు పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళాడు. ఆ సంచి కేసి కన్నెత్తి చూసినవాడు లేడు. ఒకచోట కుక్క వచ్చి కాజాలుంటాయని వాసన చూసి, స్పాంజి కంపుకి తుమ్మి పోయింది. ఆ సంగతి చెబితే శ్రీదుర్గ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

ఆ నాలుగూ పెళ్ళిళ్ళు. సీమంతానికి తీసుకురావడం ఇదే మొదలు. అందులో ఉన్న తేడా అతనికి గానీ, ఆవిడకి గానీ తట్టలేదు.

ఊళ్ళో దిగేసరికి గణేష్‌బాబు వీధి గుమ్మంలోనే ఎదురొచ్చాడు. సీమంతం అతని భార్యకి. మొగల్తూరు నుంచి ఆ అమ్మాయి పుట్టింటివారు సారెతో అప్పుడే దిగారు.

"ఏది తీసినా తియ్యకపోయినా, తాతయ్య ఫొటో మాత్రం రావాలండి," అన్నాడు గొంతు తగ్గించి. "నాలుగు నెలలైంది మంచం దిగి. హాస్పిటల్ వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళిపోమన్నారు. మా ఆవిడ తలమీద అక్షింతలు వేస్తానని పొద్దున్నే గెడ్డం గీయించుకుని కూర్చున్నారు. మళ్ళీ కూర్చుంటారో లేదో."

పెద్దాయన జగన్నాథరావు ముందు గదిలో పట్టెమంచం మీద ఉన్నాడు. వెనకాల ఇద్దరు పట్టుకున్నారు. చొక్కా కొత్తది, మనిషే అందులో సరిపోవడం లేదు. గణేష్‌బాబు భార్య వంగింది. ఆయన చెయ్యి పైకి లేవడానికే చాలాసేపు పట్టింది. అక్షింతల్లో సగం దారిలోనే రాలిపోయాయి. చెయ్యి మాత్రం ఆ పిల్ల తలమీద ఆగి, కాసేపు అక్కడే ఉంది. సుధాకర్ పన్నెండు ఫొటోలు తీశాడు. పదమూడోదానికి ఆయన వెనక్కి ఒరిగిపోయాడు. పడుకోబెట్టారు. మగతలోకి వెళ్ళిపోయాడు.

కెమెరాలో బ్యాటరీ గుర్తు ఎర్రగా కొట్టుకుంటోంది. హాల్లోంచి ఆడవాళ్ళు, సారె పరిచామండీ, రండి అని పిలుస్తున్నారు. కార్డు తీసి జేబులో వేసుకోవడం అతని అలవాటు. ఆ ఒక్కసారి మానేశాడు. కెమెరా అలాగే సంచిలో పెట్టి, రెండోది తీసుకుని, జిప్పు వేసి, సంచిని వసారాలో ఎవరూ మసలని మూలకి జరిపాడు.

సారె ఫొటోలు తీశాడు. డాబా ఎక్కి, పళ్ళేలు పట్టుకుని వీధిలో నిలబడ్డ ముత్తయిదువల్ని పైనుంచి తీశాడు. మబ్బు వెలుతురు బావుందని మరో నాలుగు తీశాడు. కింద ఆడవాళ్ళు పంచాల్సిన సారె సంచులు వసారాలోకి చేరుస్తున్నారు, అతను చూడలేదు. గంట తర్వాత కిందికి దిగితే, వసారా కడిగిన పళ్ళెంలా ఖాళీగా ఉంది.

మూలన ఏమీ లేదు.

హాల్లో పెద్దాయన భార్య రత్నమాణిక్యం ఒక సారె సంచి ముందు నిలబడి వేళ్ళ మీద లెక్కపెడుతోంది. "నూట అరవై ఇళ్ళు. నూట అరవై సంచులు కట్టించాను. ఒక్క గడపా మానలేదంటోంది మరిడమ్మ. మరి ఇదెలా మిగిలిందే?"

సుధాకర్ వసారాలోకి వెళ్ళి మూల మళ్ళీ చూసి వచ్చాడు.

"అమ్మగారూ, మూలన ఒక సంచి... అది నాదండి. కెమెరా సంచి."

"కెమెరాకి సారె సంచేంటయ్యా?" అంది రత్నమాణిక్యం.

నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని సంచులు పంచిన మరిడమ్మ అప్పుడే చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. సంగతి విని గుండెల మీద చెయ్యేసుకుంది. "ఒకటి బరువుందండి బాబూ. గట్టిగా కూడా ఉంది. కాజాలు కాస్త ఎక్కువ పడ్డాయనుకున్నాను."

"ఎవరింటికిచ్చావ్?" అన్నాడు గణేష్‌బాబు.

మరిడమ్మ రత్నమాణిక్యం కేసి చూసింది. "చిన్నయ్యగారింటికే ఇచ్చానండి. ఎంతైనా తోడబుట్టినోడిల్లు కదా, తేలికది ఇస్తే ఏం బావుంటుందని, ఏరి మరీ ఇచ్చాను."

రత్నమాణిక్యం లెక్కపెడుతున్న వేళ్ళు ముడిచింది.

జగన్నాథరావు తమ్ముడు చిట్టియ్య ఇల్లు పక్కనే. పదకొండేళ్ళ కిందట చేలోకి నీరెళ్ళే బోదె దగ్గర అన్నదమ్ములకి మాటా మాటా వచ్చింది. పెరళ్ళ మధ్య గోడ లేచింది. వీధిలో ఎదురైతే ఒకరు కాలువ వైపు చూసేవారు, ఒకరు కొబ్బరిచెట్ల వైపు. అయినా శుభానికి సారె వెళ్ళడం మాత్రం ఆగలేదు. మరిడమ్మ చేతిమీదుగా వెళ్ళేది, మరిడమ్మ చేతిమీదుగానే వచ్చేది.

"నేను వెళ్ళి అడుగుతానండి," అన్నాడు సుధాకర్.

"అడగవు," అంది రత్నమాణిక్యం.

"అది సారె కాదు కదండీ అమ్మగారూ. పొరపాటున..."

"నీకు కెమెరా. గడప దాటినాక అది సారే. కడుపుతో ఉన్న పిల్ల పేరున ఇచ్చినది వెనక్కి అడుగుతారా ఎవరైనా? అదీ ఆ గడపలోనా? పదకొండేళ్ళుగా మా మీద ఏదో ఒకటి దొరక్కపోతుందా అని కూర్చున్నాడు. ఇచ్చి లాక్కున్నారని ఊరంతా చెప్పుకుంటాడు."

"మామ్మా, అందులో తాతయ్య ఉన్నాడే," అన్నాడు గణేష్‌బాబు.

రత్నమాణిక్యం మొహం కదిలింది. గదిలో మంచం కేసి చూసింది. మళ్ళీ మనవడి భార్య కడుపు కేసి చూసింది. "తాతయ్య ఇంకా గదిలోనే ఉన్నాడు," అని మాత్రం అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గణేష్‌బాబు సుధాకర్‌ని తిట్టలేదు. రేవులో పోయిన పెళ్ళి తాలూకు ఆ తండ్రి కూడా ఇలాగే తిట్టలేదు.

సుధాకర్ పెరట్లోకి వెళ్ళి గోడ దగ్గర నిలబడ్డాడు. శ్రీదుర్గకి ఫోన్ చేద్దామని తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు. ఏమని చెబుతాడు? నువ్వు కుట్టిన సంచి దొంగలకి దొరకలేదు, మంచివాళ్ళకి దొరికిందని చెప్పాలి. గోడకి అవతల గిన్నెల చప్పుడు, కోడిపెట్ట గోల. తర్వాత జిప్పు లాగిన చప్పుడు. ఆ జిప్పు అతనికి తెలుసు. మధ్యలో ఒకచోట పట్టేసి, రెండోసారికి వస్తుంది. రెండోసారికి వచ్చింది.

"ఇదేంటండీ మావయ్యగారూ, కెమెరా!" అంది ఆడగొంతు. చిట్టియ్య కోడలు కాబోలు.

"కెమెరా ఏంటే? ఎగతాళా?"

"ఏమోనండి. వెలుగుతోంది. ఉండండి, ఇక్కడ నొక్కితే..."

ఆ తర్వాత మాటలు లేవు. సుధాకర్ గోడకి రెండు చేతులూ ఆనించాడు. అందులో చెరిపేసే మీట ఎక్కడుంటుందో అతనికి తెలుసు. ఫొటోలు చూపించే మీటకి ఆనుకునే ఉంటుంది. ఒక్క వేలు జారితే చాలు. అరుద్దామనుకున్నాడు. అరిస్తే అడిగినట్టే. ఇంతలో టక్‌మని కెమెరా చప్పుడు. ఒకే ఒక్కటి.

పావుగంట గడిచింది. నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి.

వీధి గుమ్మంలో అలికిడైతే సుధాకర్ లోపలికి వచ్చాడు. చిట్టియ్య సంచి రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, గడప అవతలే నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. పంచె మోకాళ్ళ దాకా బురదగా ఉంది. చేలోంచి వచ్చి ఇంకా మార్చుకోనట్టున్నాడు.

"వదినా!" అని పిలిచాడు. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో వినపడని గొంతు అది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

రత్నమాణిక్యం వచ్చి గుమ్మానికి ఇవతల నిలబడింది.

"నీ ఇంటి సారె తినేదిలా లేదు," అన్నాడు చిట్టియ్య. "మార్చి ఇయ్యి. నేనే తెచ్చాను, మీరు అడగలేదు. పిల్లకి దోషం లేదు."

మిగిలిపోయిన సంచి ఆవిడ తెచ్చి చేతికిచ్చింది. ఆయన ఇది అందించి, అది అందుకున్నాడు. పని అయిపోయింది. కానీ కదల్లేదు.

"అన్నయ్య ఇంత అయిపోయాడని ఎవరూ చెప్పలేదేంటి నాకు?"

"ఎవరు చెప్తారు? గోడ కట్టించింది నువ్వు."

"కట్టించాను. మీరేమో దానిమీద గాజుపెంకులు పెట్టించారు."

రత్నమాణిక్యం గుమ్మంలోంచి పక్కకి జరిగింది. బయట మబ్బు కాస్త విడి, వసారాలోకి పల్చని వెలుతురు వచ్చింది. "సారె తీసుకుని తినకుండా వెళితే బావుంటుందా," అంది చివరికి. ఆయన మొహం చూడకుండా, గోడకి చెప్పినట్టు. "కాళ్ళు కడుక్కో."

సుధాకర్ ఆవిడ దగ్గర సంచి అందుకుని, మూలకి వెళ్ళి కెమెరా తీశాడు. పన్నెండూ ఉన్నాయి. ఆ ముసలి చెయ్యి, ఆ తల, దారిలో రాలుతున్న అక్షింతలు. పన్నెండు తర్వాత పదమూడోది ఒకటుంది, అతను తియ్యనిది. కదిలిపోయి మసగ్గా వచ్చింది. కెమెరాని సంచిలోకి తిప్పి పెడుతుంటే మీట నొక్కుకున్నట్టుంది, పైన వంగిన చిట్టియ్య మొహం. కింది పెదవి పళ్ళ కింద నొక్కిపట్టి ఉంది. సరిగ్గా చూసేలోపు బ్యాటరీ అయిపోయి తెర నల్లబడింది. కార్డు తీసి చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టాడు. గణేష్‌బాబుకి ఉన్నాయన్నట్టు తల ఊపాడు. అతను గోడకి చేరబడి కళ్ళు తుడుచుకున్నాడు. పదమూడోదాని సంగతి సుధాకర్ ఎవరికీ చెప్పలేదు.

పట్టెమంచానికి ఎదురుగా మూడు విస్తళ్ళు వేశారు. చిట్టియ్యకి, గణేష్‌బాబుకి, సుధాకర్‌కి. రత్నమాణిక్యమే వడ్డించింది. పులిహోర, వంకాయ కూర, గుమ్మడికాయ దప్పళం. చిట్టియ్య మొదటి ముద్ద కలిపి చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. మంచం మీద జగన్నాథరావు కళ్ళు తెరిచాడు. తమ్ముడి కేసి చూశాడో, తమ్ముడి వెనకాల గుమ్మం కేసి చూశాడో చెప్పడం కష్టం. రత్నమాణిక్యం పరమాన్నం చెంచాతో ఆయన పెదాలకి అందించింది. గుటక పడింది. కళ్ళు మళ్ళీ మూతపడ్డాయి.

చిట్టియ్య తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. గణేష్‌బాబూ తిన్నాడు. సుధాకర్ సంచి తాడు పాదానికి రెండు చుట్లు చుట్టుకుని తిన్నాడు. పెద్దాయన ఊపిరి ఒక్కటే వినపడుతోంది, ఒకటి వచ్చాక ఇంకోటి వచ్చేదాకా ముగ్గురి చేతులూ ఆగుతున్నాయి.