అతుకు వదలని వయొలిన్లు

బడిలో నల్లబల్ల సగం దాకా నీళ్లు నిలిచిన వరద ఏడాది జరిగిన సంగతి ఇది.

నీళ్లు తీశాక పాటల గది తలుపు తెరిస్తే ఎనిమిది వయొలిన్లు బురదలో పడి ఉన్నాయి. పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పించాలని ఊళ్లో నలుగురూ కమిటీగా చేరి, ఇల్లిల్లూ తిరిగి చందాలు అడిగి కొన్నవి అవి. నాని నాని అతుకులు విడిపోయి పైపలక ఒకచోట, వెనకపలక ఒకచోట తేలాయి. మందుల షాపాయన కమిటీకి పెద్ద. వాటన్నిటినీ గోనెసంచిలో వేయించుకుని ముసలి వడ్రంగి ఇంటికి వచ్చాడు.

"ఇక జన్మలో ఊడకూడదు మేస్త్రీ" అన్నాడు.

వడ్రంగి నోరు విప్పడమే తక్కువ. కూలి వద్దు, మనవరాలికి క్లాసులో చోటు కావాలి, అన్నాడు. పదకొండేళ్ల పిల్ల. పీలగా ఉంటుందని అందరూ పుల్ల అంటారు. కమిటీవాళ్లు పిల్లల్ని ఏరేటప్పుడు పాట పాడించి, గొంతు బొంగురని దాన్ని పక్కన పెట్టేశారు. చెక్కను వేలితో కొట్టి లోపల పుచ్చుందో లేదో ఆ పిల్ల చెప్పేస్తుందని వాళ్లకేం తెలుసు? తాతకు తెలుసు. మందుల షాపాయన కాసేపు గడ్డం గోక్కుని సరేనన్నాడు.

ముసలాయన నెల రోజులు వేరే పని ముట్టుకోలేదు. పలకలు నీడలో ఆరబెట్టాడు. పడవలు కట్టేవాళ్లు వాడే జిగురు తెప్పించాడు, నీళ్లలో ఏడాది నానేసినా వదలని రకం. ఒక్కో వయొలిన్‌కీ జిగురు పట్టించి, పసిపిల్లకు చుట్టినట్టు గుడ్డ చుట్టి, తాడు బిగించి పెట్టాడు. ఇంకో వరద వచ్చినా వీటికి ఢోకా లేదని కూతురితో అన్నాడు. ఆ నెల మొత్తానికీ ఆయన మాట్లాడింది అంతే.

ఆరునెలలకు పట్నం నుంచి వయొలిన్లు చేసే ఆయన వచ్చాడు. ఆ పనిలో పేరు మోసినవాడు. పిల్లల్లో ఒకరిని ఏరి, తను చేసిన వయొలిన్ ఒకటి ఇచ్చి, ప్రతి ఆదివారం వాళ్లింటికే వచ్చి నేర్పుతానని కమిటీకి మాటిచ్చాడు. ఆ పెద్దమనిషి నీ పనితనం చూస్తాడు, నువ్వూ రా అని మందుల షాపాయన వడ్రంగికి కబురు పెట్టాడు. ముసలాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లి, పాటల గదిలో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పిల్లలు ఒక్కొక్కరే వాయించారు. పట్నం ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. పుల్ల కమాను ఎత్తి నాలుగు స్వరాలు పలికించేసరికి ఇటు తిరిగాడు. మళ్లీ వాయించమన్నాడు. వాయించింది.

"ఈ పిల్లే" అన్నాడు. రేపు పొద్దున ఇంటికొచ్చి పెద్దవాళ్ల సంతకం తీసుకుంటాననీ, తన వయొలిన్ ఎలాంటి ఇంట్లో ఉండబోతోందో చూడందే ఇవ్వననీ చెప్పాడు.

చెబుతూనే పుల్ల చేతిలో వయొలిన్ అందుకున్నాడు. గొంతు నొక్కినట్టు పలుకుతోందేమిటి ఇది, అని గొణుక్కుంటూ అంచు గోటితో గీరి చూశాడు. జేబులోంచి సన్నటి చాకు తీసి అతుకులో దూర్చి మెలితిప్పాడు. పైపలక టప్పున నిలువునా చీలింది.

"చూశారా? చెక్క చీలింది గానీ అతుకు వదల్లేదు."

వడ్రంగి పనిలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. ఎవరైనా అంటారేమోనని ముసలాయన నలభై ఏళ్లుగా ఎదురుచూసిన మాట అది. తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేశాడు.

"వయొలిన్‌ని ఎప్పటికప్పుడు విప్పి బాగుచెయ్యాలి. విప్పబోతే వదలాలి, అదీ దాని జిగురు. ఇప్పుడు ఎనిమిదీ శవాలే. ఏ గాడిద చేసిన పని ఇది? అలాంటివాడి నీడ కూడా నా వయొలిన్ మీద పడనివ్వను."

పిల్లలు కిసుక్కున నవ్వారు. మందుల షాపాయన పైకప్పు వాసాలు లెక్కపెట్టసాగాడు. జన్మలో ఊడకూడదన్న మాట ఆయనకిప్పుడు గుర్తున్నట్టు లేదు. పట్నం ఆయన పుల్ల వైపు వంగాడు.

"నీ చేతిలోదే కదమ్మా. ఎవరు చేశారు?"

పుల్ల బల్ల మీద మూత తెరిచిన పెట్టెలో ఉన్న పట్నం ఆయన కొత్త వయొలిన్ వైపు చూసింది. వెనక గోడ వైపు చూసింది. మళ్లీ కొత్తదాని వైపే చూసింది.

"ఎవరో వడ్రంగండీ. నాకు తెలీదు."

 మందుల షాపాయన గట్టిగా ఊపిరి వదిలాడు. పట్నం ఆయన చూపు ముసలాయన మీద పడింది.

"నువ్వెవరు?"

"కిటికీ గడియ చూద్దామని వచ్చానండీ."

అని ఊరుకోక, వెళ్లి గడియ రెండుసార్లు వేసి తీశాడు. గడియకేం లేదు, బాగానే ఉంది.

"సరే, పోయేటప్పుడు వీటిని పట్టుకుపో. పొయ్యిలోకైనా పనికొస్తాయి."

ముసలాయన ఎనిమిదింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, కట్టెలమోపులా భుజాన వేసుకుని బజారు మధ్యలోంచి నడిచాడు. ఎదురైనవాళ్లు ఏమిటని అడిగితే కట్టెలన్నాడు.

సాయంత్రం పుల్ల ఇంటికి వచ్చి గుమ్మంలోనే ఆగింది. తల్లి అన్నం తినమంటే ఆకలి లేదంది. చాలాసేపటికి తాత పక్కన కూర్చుంది.

"రేపు ఆయన ఇంటికొస్తాడు తాతా. అరుగు నిండా నీ సామాను..."

"తెలుసు."

"ఆదివారాలు కూడా వస్తాడు."

ముసలాయన తల ఊపాడు.

మర్నాడు పొద్దున్నే లేచి అరుగు మీది పనిబల్ల, రంపాలు, ఉలులు, చిత్రికలు, జిగురు డబ్బా అన్నీ పెరట్లో పాకలోకి మోశాడు. రంపపు పొట్టు ఊడ్చాడు. నేల మీద ఎండిన జిగురు మరకలు ఉలితో గీకాడు. రాలేదు. వాటి మీద చాప పరిచాడు. ఎక్కడికని కూతురు అడిగితే టింబర్ డిపోలో పనుందని చెప్పి, పెరటి దారిన వెళ్లిపోయాడు. డిపోవాడు ఇవాళ సరుకేం దిగలేదు మేస్త్రీ, ఎవరి పని ఒప్పుకున్నావని అడిగాడు.  ముసలాయన దుంగల మీద కూర్చుని, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.