గవ్రిల్ కోటు

మంచు మీద పడి ఉన్న గవ్రిల్ ఒళ్లు ఇంకా చల్లబడలేదు. కాంట్రాక్టర్ ద్రగొమీర్ అప్పుడే అతని కోటు బొత్తాలు విప్పుతున్నాడు. వీపు మీద కేబుల్ కంపెనీ పేరున్న నీలం కోటు. లాగి, చుట్టి, కారు డిక్కీలో పడేశాడు. పోలీసులు వచ్చేసరికి గవ్రిల్ ఉత్త చొక్కాతో ఉన్నాడు. వీడెవడో మాకు తెలీదు, వైరు దొంగిలించడానికి మేడ ఎక్కినట్టున్నాడు అని ద్రగొమీర్ వాళ్లకి చెప్పాడు.

దొంగట! డాన్యూబ్ నది ఒడ్డున ఉక్కు కొలిమి ముందు మాతో పాటు ఒళ్లు కాల్చుకున్నవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరం కేబుల్ పనికొచ్చాం. ఈస్టర్ లోపు ఊరంతా డబ్బు కట్టి టీవీ చూడాలి, అవతలి కంపెనీ కన్నా ముందు ప్రతి మేడా తమదైపోవాలి, అదీ పైవాళ్ల ఆరాటం. నడుముకి తాడు అడిగితే, నువ్వు ముడి వేసుకునే లోపు అవతలివాడు రెండు మేడలకి వైరు లాగేస్తాడు అని ద్రగొమీర్ కసిరేవాడు. గవ్రిల్ తాను కాపురమున్న మేడ మీంచే జారిపడ్డాడు.

శవ జాగారం నాడు అతని భార్య జంఫీరా అద్దం మీద గుడ్డ కప్పింది. పోయినవాడు అందులో తనని చూసుకుంటే ఇల్లు వదలడని మా నమ్మకం. తర్వాత టీవీ మీదా దుప్పటి కప్పింది. ఆపేసిన తెరలో ఆయన కనబడుతున్నాడంది. ఆ మాట మెట్ల మీదుగా అన్ని ఇళ్లకూ పాకింది. బయట గవ్రిల్ చేతిలోంచి జారిన వైరు గాలికి ఊగి కిటికీలకు కొట్టుకుంటోంది. ఏ గదిలో కూర్చున్నా వినబడుతోంది. ఉక్కు కరిగించిన మాకే ఒళ్లు జలదరించింది. తెల్లారేసరికి మేడలో టీవీలన్నిటికీ గుడ్డలు పడ్డాయి.

కోటు లేకుండానే పాతిపెట్టి వచ్చాం. టీవీల మీద గుడ్డలు తియ్యాలా, కోటు ఇచ్చేదాకా ఉంచాలా అని ఆ సాయంత్రం మెట్ల మీద మీటింగు. నాలుగో అంతస్తు ముసలాయన పెత్రాకే మొదట్నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. ఆదివారం మ్యాచ్ ఉంది, పోయినవాడు ఎటూ రాడు, పంతాలకి పోతే ఉన్న కనెక్షన్ పీకేస్తారని అతని బాధ. కొందరు అవునన్నారు, కొందరు తిట్టారు.

"పీకనీ బాబాయ్," అంది జంఫీరా. "పీకాలన్నా ఎవడో ఒకడు పైకి ఎక్కాలిగా. ఎక్కేదెవరు?"

అందరూ మా కేబుల్ పనివాళ్ల వైపు తిరిగారు. అంతదాకా ఆ సంగతి మాకే తట్టలేదు.

"మేం ఎక్కం వదినా," అన్నాను. "ఆయన మా మనిషేనని కంపెనీ ఒప్పుకునేదాకా, తాళ్లు ఇచ్చేదాకా, ఏ మేడా ఎక్కం."

మావాళ్లు మిగతా మేడలకీ వెళ్లి చెప్పారు. ఆదివారం మ్యాచ్ వేళకి వీధి వీధంతా టీవీ తెరలు కప్పేసి ఉన్నాయి. ద్రగొమీర్ పోలీసు వ్యాను వెంటేసుకుని దిగాడు. గుడ్డలు తీసేస్తే వేసవి దాకా ఉచితంగా చూపిస్తామన్నాడు. జంఫీరా ఎదురెళ్లింది.

"ఆయన కోటివ్వు."

"ఏ కోటమ్మా?"

ఆ రోజు మేడ మీంచి నేను చూసింది చూసినట్టు పోలీసులకి చెప్పాను. వైరు దొంగతనంలో వీడూ భాగస్తుడే అని ద్రగొమీర్ వేలు చూపించాడు. నన్ను రెక్క పట్టి వ్యానులోకి తోశారు.

అప్పుడు పెత్రాకే ఇంటి చెప్పులతోనే మెట్లు దిగి వచ్చాడు.

"నేనూ చూశాను. వీడు బొత్తాలు విప్పుతుంటే కిటికీ దగ్గర నిలబడి చూశాను. కళ్లు మూస్తే ఆ చొక్కాయే కనబడుతోంది. నిద్ర పట్టి చస్తేనా."

ఎవరూ రమ్మనకుండానే వ్యానెక్కి నా పక్కన కూర్చున్నాడు. వెనకే కుట్టుపని చేసే ఆమె వచ్చింది. తానూ చూశానంది. తర్వాత కింది వాటా మొగుడూ పెళ్లాం, మా కేబుల్ వాళ్లు, ఎదురు మేడ వాళ్లు. ఆ రోజు ప్రతి కిటికీ వెనకా ఒక మనిషి ఉన్నాడు. ప్రతి మనిషినీ ఆ చొక్కా పీడిస్తూనే ఉంది. అందరూ అదే మాట చెప్పి ఎక్కుతున్నారు.

తలుపు వెయ్యమని ద్రగొమీర్ కేకలేశాడు. వేద్దామంటే జనం. వరస మెట్ల దాకా ఉంది. పోలీసువాడు తలుపు వదిలేశాడు. ద్రగొమీర్ వైపు తిరిగి, కోటు ఎక్కడుందని అడిగాడు.