తడి ఆరని గడ్డి

గోపాలుకు మేకలు బాగున్నప్పుడు తనవి, పారుకున్నప్పుడు పెళ్ళానివి. పదహారేళ్ల కాపురంలో భారతమ్మకు మొగుడి మీద పేరుకున్న కోపాలన్నిటికీ తల్లివేరు ఇదే. దమ్మపేట బేరగాడికి రెండు పోతుల్ని అమ్మిన రోజు అరుగు మీద కాలు మీద కాలేసుకుని "నా చేతి మీద పెరిగిన సరుకు, ఎట్లుంటది మరి" అన్నవాడే, ఇవాళ దొడ్డి వాసన తగలగానే ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకుని "ఏమే, నీ మేకలు పారుతున్నయ్, జర చూస్కో" అనేసి చెంబు పట్టుకుని పోయాడు.

గోదావరి ఊళ్లను ముంచిపోయిన మరుసటి ఏడు, శ్రావణం ముసురు. భారతమ్మ పెంటికల తట్ట పక్కన పెట్టి బొల్లి ముందు కూర్చుంది. బొల్లి ముసలిది, చూడిది. పెళ్లినాడు తల్లి అరణంగా తోలించిన మేకకు మనవరాలు. మందలో సగం దాని కడుపున పుట్టినవే. దాని దవడ కింద నీళ్ల సంచి వేలాడుతోంది. కంటి కింది రెప్ప తిరగేస్తే ఎర్రగా ఉండాల్సిన చోట సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. నట్టలు. కడుపులో చేరి నెత్తురు తాగే పురుగులు. ఈ వానలకే రెండు పిల్లలు ఇట్లాగే పోయాయి. ఇక బొల్లి వంతు, వెనకాలే మందంతా.

పశువుల దవాఖానా కంపౌండరు సైకిలుకు మందు డబ్బా కట్టుకుని వచ్చింది ఆ రోజే. ఒక్కో మేకనూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని, నోరు తెరిచి, పొలమారకుండా వెదురు గొట్టంతో మందు పోస్తున్నది భారతమ్మ. కంపౌండరు మాట్లాడుతున్నది మాత్రం అరుగు మీది గోపాలుతో.

"మేకల్ని ఎప్పుడు తోల్తున్నరు గోపాలూ?"

"ఎండెక్కినంకనే సారూ. నేనే దగ్గరుండి తోలిస్త."

భారతమ్మ తల ఎత్తకుండానే అంది, "ఎండెక్కేదాంక ఆయన లేస్తే గద సారూ. నేనే తోల్త, చీకటితోటి, వాగు ఒడ్డుకు."

కంపౌండరు నాలుక చప్పరించాడు. "అదే తప్పమ్మా. పెంటికల్లోంచి వచ్చిన నట్టల పిల్లలు తడి గడ్డి కొసకు ఎక్కి కూసుంటయ్. గడ్డి ఆరినంకనే తోలాలె. వాగు ఒడ్డు బంద్. మెట్ట మీద చెట్ల ఆకు మేపుండ్రి. లేకుంటే ఎంత మందు పోసినా మళ్లా మొదటికే."

"ఇన్నవా?" అన్నాడు గోపాలు, తీర్పు తన చేతికే వచ్చినట్టు. "మంద పాడైంది నీ వల్లనే."

నా వల్లనే. ఖాళీ గొట్టం కడుగుతూ ఆ మాటనే నమిలింది భారతమ్మ. చీకటితో ఎందుకు తోలుతున్నాను? తడి గడ్డి మీద ముచ్చటపడా? ఊరి ఆసామి వెంకటనారాయణ మడిలో మేస్త్రిగిరీకి పోయే ఈయనకు ఎనిమిది కొట్టేసరికి వేడి బువ్వ కావాలి, చల్లారితే కంచం గోడకు తగులుతుంది. అత్తకు కాళ్లకు కాచిన నీళ్లు. అదే మడిలో నాటుకు నేను పోవాలి, ఆలస్యమైతే గట్టు మీద నిలబడి కేకలేసేది ఈయనే, ఇంట్లో మొగుడు, మడిలో మేస్త్రి. నాటు కూలి ఈయన జేబులోకి. ఇందరి పొద్దులు తీరాక మేకలకు మిగిలింది చీకటి పొద్దే. ఒకసారి నసిగితే అత్త ఏమంది? "మేకలు కాసేదానికి గడియారం గూడా కావాల్నట!" ఈ నట్టలు వానకు పుట్టినవి కావు. ఈ ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో పొద్దు పంచి పెట్టగా పుట్టినవి. తాగిన నెత్తురు మాత్రం బొల్లిది.

సాయంత్రం బువ్వ వడ్డిస్తూ చెప్పింది. "రేపటి నుంచి ఎండెక్కినంకనే తోల్త. నాటుకు రాను. గుట్ట కింద మన చెలకల మేపుత, ఆడ రేగు, తుమ్మ మస్తుగున్నయ్."

"కూలి పోతది గదనే?"

"పోతే నువ్వు తోలు."

"మేస్త్రి మేకల ఎనుక తిరుగుడేంది? చెలక దిక్కు పోకు, కంచె ఏసిన అని చెప్పలే?"

ఆ మెట్ట చెలక ఆమె ఎనిమిది మేకల్ని అమ్మితే వచ్చింది. పట్టా రాయించేనాడు "ఆడదాని పేరు మీద ఎందుకే, నేను వేరా, నువ్వు వేరా?" అన్నాడు. కంచె వేశానని అతను చెప్పబట్టే ఉగాది నుంచి ఆమె మందను వాగు ఒడ్డుకు మళ్లించింది.

"కంచె ఏస్తే తీస్త. మన చెలకే గద."

గోపాలు బీడీ కోసం జేబు తడుముకున్నాడు. మూలనున్న అత్త రాఘవమ్మకే విసుగొచ్చింది. "ఇంకెక్కడి చెలకనే? ఉగాదికే వెంకటనారాయణకు రాసిచ్చె. మేస్త్రిగిరీ ఊకనే ఇస్తరా?"

భారతమ్మ గరిటె కుండలో పెట్టేసింది. "నాకు చెప్పలే?"

"చెప్తే ఏడుస్తవని చెప్పలే" అన్నాడు గోపాలు, ఎంతో దయగా.

ఆమె ఏడవలేదు. మర్నాడు పొయ్యి రాజేయలేదు. దొడ్డి తడిక మూసి దాని ముందే కూర్చుంది.

"ఓ భారతమ్మా, పొయ్యి మీద ఏం లేదేందే?"

"గడ్డి ఆరలే అత్తా."

"గడ్డికి, పొయ్యికి ఏం సంబంధమే!"

"ఉంది" అంది. గోపాలు తిట్టి తిట్టి ఖాళీ కడుపుతోనే మడికి పోయాడు. గడ్డి కొసలు ఆరాక భారతమ్మ లేచి, బొల్లిని ముందు పెట్టుకుని మందను గుట్ట దారి పట్టించింది.

చెలక చుట్టూ ముళ్ల కంచె, లోపల మామిడి మొక్కలు. బొల్లికి అది పాత దారి. కంచె సందులోంచి దూరి మొక్క తల తుంచింది. మిగిలినవీ దూరాయి. కావలి పగిడయ్య కేకలకు వెంకటనారాయణ వచ్చాడు, వెనకాలే గోపాలు.

"ఎవరివయ్యా ఈ మేకలు?" అన్నాడు వెంకటనారాయణ. "మొక్కల నష్టం కడతావా, బందెలదొడ్డికి తోలించమంటావా?"

గోపాలు రెండు చేతులూ ఊపాడు. "నావి కావండీ! దాని పుట్టింటి మేకలు. దానివే. నాకేం సంబంధం లేదండీ!"

ఆ మాట కోసమే పదహారేళ్లు కాచుకున్నట్టు భారతమ్మ ముందుకొచ్చింది. మందలోంచి మంచి పోతుపిల్లను ఎత్తి వెంకటనారాయణ కాళ్ల దగ్గర దించింది. "మీ మొక్కలకు ఇది తీసుకోండి బాబుగారూ. మిగిలినయి నావి. పగిడయ్యా, ఇన్నవు గద? ఆయన నోటితోనే అన్నడు. రేపు బేరగాడొస్తే నువ్వు చెప్పాలె."

"ఇన్న తల్లీ" అన్నాడు పగిడయ్య. వెంకటనారాయణ నవ్వి పిల్లను పగిడయ్య చేత పట్టించాడు. గోపాలు ముఖంలో నెత్తురు చుక్క లేదు, కంటి రెప్ప తిరగేసి చూడనక్కర్లేదు.

"మరి ఇంట్ల వంట?" అన్నాడు చివరికి.

"బియ్యం కుండల ఉన్నయి" అంటూ మందను గుట్ట మీది పొదల్లోకి మళ్లించింది. బొల్లి ముందరి కాళ్లు రేగు కొమ్మకు ఎత్తి పెట్టి, ఆరిన ఆకును అందుకుంది.

ఆ పొద్దు భారతమ్మకు మందకు మంద దక్కింది. పోయింది ఒక పోతుపిల్ల, ముప్పై రెండు గుంటల ఎర్ర చెలక.