విప్పకూడని ముడి

ఆముదం గిన్నెను వేడినీళ్లలో దించి, అంచు మీద వేలు పెట్టి చూసింది భాగ్యమ్మ. గోరువెచ్చగా ఉంది. చల్లబడితే గొంతుకు అంటుకుంటుంది, వేడెక్కితే కక్కేస్తారు. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రాసి, ఆముదం పోసి, గ్లాసును కొంగుతో పట్టుకుని వరండాలోకి వచ్చింది. బందరులో అప్పుడే తెల్లవారుతోంది. సముద్రం మీది ఉప్పుగాలికి ఆసుపత్రి గేటు దానంతటదే కిర్రుమంటోంది.

ఆయాగా ఇక్కడ ఆమెకిదే ఆఖరి రోజు. సాయంత్రం అవనిగడ్డ బస్సుకు తమ్ముడు దేవసహాయం వచ్చి తీసుకెళ్తాడు. ట్రంకుపెట్టె నిన్ననే సర్దేసింది. పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. అది చివరి గదిలో, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

ఆ అమ్మాయి పేరు అమ్మాజీ. అవనిగడ్డలో బడిపంతులు సత్యనారాయణమూర్తి భార్య. నెలలు నిండి దాటిపోయినా నొప్పులు రాలేదు. మొదటి కానుపుకూ ఇలాగే దాటిపోయింది. వాటంతటవే వస్తాయిలెమ్మని ఇంట్లో అందరూ కాచుకు కూర్చున్నారు. ఒక పొద్దున కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ఈసారి పంతులు ఎవరి మాటా వినలేదు. భార్యను బస్సెక్కించి తెచ్చి డాక్టర్ రాజకుమారి చేతుల్లో పెట్టాడు. ఇక ఆగకూడదు, మందుతో నొప్పులు తెప్పిద్దాం అంది డాక్టరు. ఆ ముహూర్తం ఈరోజే.

ముహూర్తం కుదరందల్లా అత్తగారు కామేశ్వరమ్మకే. తెల్లని జుట్టు, బిగించిన పెదవులు, చేతిలో ఇత్తడి మరచెంబు. ఆ చెంబును ఆయాలెవరూ ముట్టకూడదని రాగానే చెప్పేసింది. భాగ్యమ్మ సరేనంది. వాన వస్తే గొడుగు వేసుకున్నట్టు, ఇలాంటివి వస్తే ఒక అడుగు పక్కకు జరగడం ఆమెకు అలవాటే.

"రాని నొప్పుల్ని రప్పించడమేవిటే? పండకుండా కోసిన కాయ రుచిస్తుందిటే?" అంది కామేశ్వరమ్మ, ఆముదం గ్లాసును అనుమానంగా చూస్తూ.

"కోతకొచ్చిన చేలో కొడవలి పెట్టకపోతే గింజ నేలపాలే గదండీ అమ్మగారూ," అంది భాగ్యమ్మ.

కామేశ్వరమ్మ గ్లాసుకు దారి వదిలి జరిగింది. ఆమెకు దివిసీమలో రెండెకరాల మాగాణి ఉంది.

అమ్మాజీ ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసి, నిమ్మచెక్క నోట్లో పెట్టుకుంది. తరవాత ఏం జరుగుతుందని అడిగింది. రాత్రంతా అడగాలని దాచుకున్న ప్రశ్న అది. భాగ్యమ్మ మంచం పక్కన నిలబడి ఒక్కటొక్కటే చెప్పింది. ముందు కడుపు కదులుతుంది, నాలుగుసార్లు దొడ్లోకి తిరగాల్సి వస్తుంది. ఎనిమా ఇస్తారు. తరవాత వేడినీళ్ల స్నానం. కొందరికి ఆ మాత్రానికే నొప్పులు మొదలవుతాయి. రాకపోతే డాక్టరమ్మగారు ఉమ్మనీటి సంచిని చిదుపుతారు, నొప్పి ఉండదు, కాళ్ల మధ్య వెచ్చగా నీళ్లు జారతాయంతే. ఆ పైన సీసా తగిలిస్తారు. అందులోని మందు చుక్కచుక్కగా చేతి నరంలోకి దిగుతుంది. నడుములో సలుపులా మొదలై ముందుకొచ్చి పొట్టంతా బిగుస్తుంది.

"నొప్పి వచ్చుద్ది, పోద్ది. వచ్చేదాన్ని నువ్వు చూసుకో తల్లీ. పోయిందో లేదో నేను చూసుకుంటా."

"పోకపోతే?"

"అందుకే గదా నేనుండేది."

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. భాగ్యమ్మ పొడుగాటి మనిషి. ఎముకలు బయటికి కనిపించే భుజాలు, తెల్లచీర, ఎర్రంచు. ఆమె రెండు చేతులూ ఒకే మనిషివంటే నమ్మడం కష్టం. ఎడమ చేయి కాయలు కాసి, సబ్బుకూ సోడాకూ పగిలిపోయి ఉంటుంది. కుడి అరచెయ్యి చంటిపిల్ల బుగ్గలా మెత్తన. ఊడ్చడం, తోమడం, నీళ్లు తోడడం అన్నీ ఎడమచేత్తోనే. వరండా ఊడుస్తుంటే కామేశ్వరమ్మ కూడా గమనించి, ఆ పుర్రచెయ్యి ఊడ్పేవిటే అని ఎగతాళి చేసింది. భాగ్యమ్మ నవ్వి ఊడ్చుకుంటూ పోయింది. కుడిచెయ్యి పొట్టల కోసం అట్టేపెట్టిందని వివరించడానికి ఆమెకు తీరిక లేదు.

ఆ చేతికి పని నేర్పింది ఈ డాక్టరుగారి తల్లి, పాత డాక్టరమ్మగారు. పాలకాయతిప్ప దగ్గర ఒక పల్లె నుంచి భాగ్యమ్మను కానుపు నొప్పులతో ఎడ్లబండి మీద, ఆ పైన పడవ మీద, మళ్లీ బండి మీద ఇక్కడికి తెచ్చారు. అప్పటికి ఆమెకింకా పైట నిలుపుకోవడం కూడా సరిగా రాదు. బయలుదేరడం ఆలస్యమైంది. తను బతికింది, బిడ్డ దక్కలేదు. మొగుడు ఒకసారి వచ్చి గేటు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే వెళ్లిపోయాడు. లేచి నడవగలిగిన రోజున భాగ్యమ్మ చీపురు తీసుకుంది, ఎవరూ వద్దనలేదు. కొన్నాళ్లకు పాత డాక్టరమ్మగారు ఆమెను ముక్కాలి పీట మీద కూర్చోబెట్టి, ఒక గర్భిణి పొట్ట మీద చెయ్యి వేయించి, గట్టిపడితే చెప్పు, మెత్తబడితే చెప్పు అన్నారు. అంతే చదువు. ఆ చదువుతోనే జుట్టు నెరిసింది.

సీసా మందు కొత్తది. మద్రాసులో చదివొచ్చిన రాజకుమారి తెచ్చింది. మొదటి రోజే భాగ్యమ్మను పిలిచి చూపించింది. రబ్బరు గొట్టం మీద చిన్న ఇనుప క్లిప్పు ఉంటుంది. దాని మర బిగిస్తే చుక్కలు తగ్గుతాయి, వదిలితే పెరుగుతాయి. మందు ఎక్కువ పోతే పొట్ట బిగిసి మళ్లీ వదలదు, వదలకపోతే లోపల బిడ్డకు ఊపిరి అందదు. అందుకని సీసా వేలాడినంతసేపూ పొట్ట మీద ఒక చెయ్యి ఉండాలి. అది నీ చెయ్యి అంది డాక్టరు.

ఆముదం తన పని తాను చేసింది కాని నొప్పులు తేలేదు. వేడినీళ్ల స్నానమూ తేలేదు. ఎండ వరండా మెట్లెక్కే వేళకు డాక్టరు వచ్చి ఉమ్మనీరు వదిలించింది. నీరు తేటగా ఉందని భాగ్యమ్మ వైపు చూసి తలూపింది. సీసా తగిలించారు. భాగ్యమ్మ పీట లాక్కుని కూర్చుని కుడిచెయ్యి వేసింది.

కాసేపటికి పొట్ట మొదటిసారి బిగిసింది. ఆపైన సడలింది. మళ్లీ బిగిసింది, మళ్లీ సడలింది. అమ్మాజీ కళ్లు పెద్దవి చేసి, భాగ్యమ్మ చెప్పినట్టే ఉందే అన్నట్టు చూసింది.

కామేశ్వరమ్మ మాత్రం తన వంతు పని మొదలుపెట్టింది. కానుపు ఆలస్యమైతే ఆ ఇంట్లో ముడన్నది ఉండకూడదు. పెట్టెల మూతలు తెరవాలి, తాళాలు తియ్యాలి, జడలు విప్పాలి. ఇల్లు బందరుకు రాదు కాబట్టి ఈ గదినే ఇల్లనుకుంది. తను తెచ్చిన సంచి మూతి విప్పింది. పెట్టె తెరిచింది. కోడలి జడ విప్పింది, తన ముడి విప్పుకుంది. ఆఖరికి కిటికీ తెరకు కట్టిన తాడు కూడా వదిలేసింది. జుట్టు భుజాల మీద పరుచుకుని ఆవిడ మంచం చుట్టూ తిరుగుతుంటే భాగ్యమ్మకు నవ్వొచ్చింది. తమ పల్లెలోనూ అంతే చేసేవాళ్లు.

మధ్యాహ్నం నర్సు సరోజ వచ్చి, నేను కూర్చుంటాను, రెండు మెతుకులు తినిరా అంది. భాగ్యమ్మ లేచింది. పెరట్లో చేతులు కడుక్కుని, గోంగూర పచ్చడితో నాలుగు ముద్దలు తింది. అంతలో గేటు ముందు కారు ఆగింది. గుడివాడ నుంచి ఎవరినో మోసుకొచ్చారు, బిడ్డ తల అప్పటికే కనిపిస్తోంది. ఆ మనిషిని పడుకోబెట్టిన గదిలోంచి డాక్టరు సరోజను కేకేయడం భాగ్యమ్మకు వినిపించింది. సరోజ చెప్పులు వరండాలో టకటకా పరిగెత్తడమూ వినిపించింది.

అయితే పీట మీద ఎవరున్నారు?

తింటున్న ముద్ద కంచంలో వదిలి భాగ్యమ్మ చెయ్యి కడుక్కుని లోపలికి నడిచింది. గదిలో కామేశ్వరమ్మ ఒక్కతే ఉంది. ముఖం తృప్తిగా ఉంది. అమ్మాజీ నోరు తెరిచి ఉంది గాని శబ్దం రావడంలేదు, వేళ్లు మంచం పట్టీని పట్టుకుని తెల్లబడ్డాయి.

భాగ్యమ్మ పొట్ట మీద చెయ్యి వేసింది. చెక్కలా ఉంది. ఆగింది. ఇంకా చెక్కలాగే ఉంది. వచ్చిన నొప్పి పోవాల్సిన వేళ దాటిపోయింది.

తలెత్తి సీసాను చూసింది. చుక్కలు లేవు, ధార పడుతోంది.

ఆమె ఎడమచెయ్యి గొట్టాన్ని మడిచి పిడికిట్లో నొక్కేసింది. కుడిచెయ్యి అమ్మాజీ భుజం కింద దూరి ఆమెను ఎడమ పక్కకు తిప్పింది. "డాక్టరమ్మగారూ, పొట్ట వదలట్లేదండీ," అంది. అరవలేదు. ఆ గొంతులో ఏముందో గాని, పక్క గదిలోంచి రాజకుమారి చేతికి తొడుగుతోనే వచ్చేసింది.

డాక్టరు క్లిప్పు బిగించి, గుండె చప్పుడు వినే చెక్క గొట్టాన్ని పొట్టకు ఆనించి చెవి పెట్టింది. డాక్టరు వేలు బిడ్డ గుండె లెక్కకు మంచం పట్టీ మీద తడుతోంది. చాలా నిదానంగా తడుతోంది. ఆ వేలు మధ్యలో ఆగింది. మళ్లీ తట్టింది.

భాగ్యమ్మ కళ్లు మూసుకుంది. ఇప్పుడు ఆమెకు ఉన్నదల్లా ఆ అరచెయ్యే. దాని కింద రాయి. రాయి. రాయి. తరవాత ఎక్కడో ఒక మూల, తడి మట్టిలా చిన్న లొంగుబాటు.

"వదుల్తోందండీ," అంది.

డాక్టరు వేలు వేగం అందుకుంది. నిదానం పోయి, మామూలై, ఆపైన మంచం పట్టీ మీద పరుగెత్తింది. అమ్మాజీ ఊపిరి పీల్చుకుని గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి ఎంతో బాగుంది.

క్లిప్పు ఎవరు తీశారని డాక్టరు అడిగింది. గుమ్మంలో సరోజ ముఖం పాలిపోయింది. పీట వదిలి వెళ్లింది తనే. భాగ్యమ్మ ఏదో అనబోయేంతలో కామేశ్వరమ్మ ముందుకు వచ్చింది. విరబోసుకున్న జుట్టుతో ఆవిడ ఉన్నట్టుండి చాలా ముసలిదైపోయింది.

"నేనేనమ్మా. ముడనుకున్నాను. అన్నీ విప్పాను, అదొక్కటే మిగిలింది. బిడ్డకు అడ్డం పడేది అదేననుకున్నాను."

డాక్టరు సరోజ వైపు తిరిగింది. పీట మీద మనిషి లేచేటప్పుడు ఇంకో మనిషి కూర్చున్నాకే లెమ్మని సరోజకు చెప్పింది. సీసాను మళ్లీ తెరవలేదు. అక్కర్లేకపోయింది. కాసేపటికి నొప్పులు తమంతట తామే వచ్చాయి. వచ్చాయి, పోయాయి. పోయిన ప్రతిసారీ భాగ్యమ్మ "పోయింది" అంది. కామేశ్వరమ్మ గోడ పక్కన చతికిలబడి, ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించి కూర్చుంది.

ఎండ వాలింది. దేవసహాయం రిక్షాతో గేటు దగ్గరికి వచ్చాడని, బస్సు వేళవుతోందని కబురొచ్చింది. ఆగమని చెప్పింది భాగ్యమ్మ. మళ్లీ కబురొచ్చింది, ఇదే ఆఖరి బస్సని. బస్సుకేం, అది రేపూ ఉంటుంది అంది. పొట్ట మీంచి చెయ్యి తీయలేదు.

దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే డాక్టరు చేతుల్లో మెలికలు తిరిగి, వరండా చివరిదాకా వినిపించేలా ఏడ్చింది. నక్షత్రం ఏమిటని కామేశ్వరమ్మ అడగలేదు. లేచి వచ్చి, మనవరాలి వంక చూసి, మరచెంబు మూత తిప్పి, దాన్ని భాగ్యమ్మ చేతికిచ్చింది.

"అమ్మాజీకి గొంతెండిపోయింది. నీ చేత్తో పట్టవే. తరవాత నువ్వూ తాగు."

భాగ్యమ్మ అమ్మాజీ తలెత్తి నీళ్లు పట్టింది. తనూ తాగింది. బందరు ఉప్పునీళ్లు కావవి, అవనిగడ్డ నుంచి మోసుకొచ్చిన కృష్ణ నీళ్లు. చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు, ఇంతకీ ఎక్కడికి వెళ్తున్నావని కామేశ్వరమ్మ అడిగింది. పాలకాయతిప్ప దగ్గర తన పల్లెకని చెప్పింది భాగ్యమ్మ. అక్కడ తమ్ముడు ఒక గది వేశాడు.

"ఈ వయసులో అక్కడేం చేస్తావే?"

"ఏ పిల్లకి ఎప్పుడు బస్సెక్కాలో చెప్పే మనిషి లేదండి అక్కడ. నాకు చెప్పేవాళ్లుంటే నేనూ తొందరగా బయలుదేరేదాన్ని గదండీ."

లేచి నిలబడింది. మోకాళ్లు కటుక్కుమన్నాయి. చీర చెంగు చివర పట్టుకుని, ఎర్రంచును పంటితో కొరికి, పర్రుమని ఒక పీలిక చించింది. రేపటినుంచి ఈ ఆయా చీరతో ఆమెకు పనిలేదు. ఆ పీలికను గొట్టం మీది క్లిప్పుకు చుట్టి, రెండు ముడులు బిగించి వేసింది.

కామేశ్వరమ్మ అనుమానంగా చూసింది. "ముడి కనిపిస్తే నాలాంటివాళ్లు మళ్లీ విప్పుతారేమోనే."

"ఎర్రగుడ్డ చూస్తే రైలే ఆగుద్దండి," అంది భాగ్యమ్మ.

మంచం మీద అమ్మాజీ నవ్వింది, నొప్పి పుట్టి ఆపేసింది. డాక్టరు గుమ్మం దాకా వచ్చింది. ఉండిపొమ్మనలేదు, ఉంటానని భాగ్యమ్మ అడుగుతుందనీ అనుకోలేదు. ఆ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, వదిలింది.

బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. తెలిసినవాళ్లింట్లో పడుకుని పొద్దున్నే మొదటి బస్సుకు పోదాం అన్నాడు దేవసహాయం. ట్రంకుపెట్టెను రిక్షాలో కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. గేటు కిర్రుమని తెరుచుకుని, కిర్రుమని మూసుకుంది.

చివరి గదిలో కామేశ్వరమ్మ కోడలి జుట్టు దువ్వి జడ వేసింది, సంచి మూతి కట్టింది, కిటికీ తెర తాడు బిగించింది. మంచం పక్కన ముక్కాలి పీట ఖాళీగా ఉంది. దాని పైన, ఆగిపోయిన గొట్టం మీద, ఎర్రంచు పీలిక ఉప్పుగాలికి మెల్లగా ఊగుతోంది.